ఫైనల్ సముద్రం దాటాలా వద్దా: ఒక గడ్డి డాక్టరు మాట

అరిజోనాలోని చాండ్లర్‌లో మా వీధిలో తెలుగువాళ్లవి పదకొండు ఇళ్లు. పది ఇళ్లలో చిప్పులు తయారుచేసేవాళ్లో, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లో ఉంటారు. పదకొండోది మాది. కొత్తగా దిగినవాళ్లు, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో పులిహోర వడ్డించుకుంటూ, "అంకుల్, మీరు ఏ కంపెనీలో రిటైర్ అయ్యారు?" అని అడుగుతారు. "గడ్డిలో" అంటాను. నవ్వాలో వద్దో తెలియక గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతారు.

నిజంగా గడ్డిలోనే. గుంటూరు జిల్లాలో వ్యవసాయ శాస్త్రం చదివి, ఇక్కడికొచ్చి మళ్లీ దాని మీదే ఎమ్మెస్ చేసి, ముప్పై ఏళ్లకు పైగా అమెరికన్ ఫుట్‌బాల్ మైదానాల్లో గడ్డి పెంచాను, కోశాను, మాసికలు వేశాను. చివరి పద్నాలుగేళ్లు ఆ ఆట నడిపే లీగ్ తరఫున ఊరూరా తిరిగి ఏ మైదానం ఆటకు పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చాను. ఇన్నేళ్లూ ఏం గడ్డి పీకావని ఎవరైనా అడిగితే నాకు అది తిట్టు కాదు, ఉద్యోగ వివరం.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇప్పుడు బాగానే ఉన్నారు. మనవాళ్ల పిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు కాలేజీలో ఇదే చదువుతున్నారని విని ఎగిరి గంతేశాను. వాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. ఫిబ్రవరిలో జరిగే ఛాంపియన్‌షిప్ ఫైనల్, అంటే దేశం మొత్తం చికెన్ వింగ్స్ ముందు కూర్చునే ఆ ఆదివారం నాటి ఆట, అమెరికా బయట పెట్టొచ్చా? లీగ్ మామూలు ఆటలు ఎప్పటినుంచో బయట ఆడిస్తోంది. ఫైనల్ మాటే ఎవరికీ తేలడం లేదు.

పెట్టాలి! నా జవాబు అదే. ఆ మాట అంటుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు పులకరిస్తుంది. కాని ఒకప్పుడు ఆ ఫైనల్‌కి అడ్డం పడింది కూడా నేనే. ఒక్క మాటతో. నా ప్రమోషన్ల గురించి మీకెందుకు? ఈ ఒక్కటీ చెబుతాను.

టీవీకి కాళ్లుండవు

ముందు ఈ ఉద్యోగం ఏమిటో చెప్పాలి. నూట ముప్పై కిలోల మనిషి పూర్తి వేగంతో పరిగెత్తుకొచ్చి, ఒంటికాలు మీద ఆగి, పక్కకి తిరుగుతాడు. వాడి బూటు అడుగున ఉండే పళ్లు గడ్డిలో దిగాలి, కాని ఇరుక్కోకూడదు. దిగకపోతే జారతాడు. ఇరుక్కుంటే పాదం అక్కడే ఉండి మోకాలు తిరుగుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న సన్నటి సందులో మైదానాన్ని నిలబెట్టడమే మన పని. మిగతాదంతా ఎరువుల పేర్లు.

నా మొదటి బాస్ వాల్టర్ అని ఒక పెద్దాయన. ఆటకు ముందు బూట్లు విప్పి, సాక్సులతో మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచేవాడు. యంత్రాలు కొన్నాక కూడా నడిచేవాడు. నేను చేరిన రెండో ఏడు, గడ్డి కాస్త పసుపు తిరిగిందని, టీవీలో బాగా కనబడాలని ఒక మూల పచ్చ రంగు కొట్టించాను. ఒక పూత చాలక రెండోది కూడా కొట్టించాను. దూరం నుంచి చూస్తే పట్టుచీరలా మెరిసిపోయింది. పొంగిపోయి వాల్టర్‌ని పిలిచి చూపించాను. ఆయన సాక్సులతో దాని మీద అడుగు పెట్టి, సర్రున జారి, నా భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఆ తరవాత నాకు పెట్టిన గడ్డి నేను పెంచిన గడ్డికంటే ఎక్కువ.

చివర్లో మాత్రం, "టీవీకి కాళ్లుండవురా అబ్బాయ్" అన్నాడు. ఆయన అన్నది ఇంగ్లీషులోనే, నా చెవికి అలా వినబడింది. ఆ మూల గడ్డంతా ఆ రోజే పెకలించి కొత్త గడ్డి చాపలు పరిచాం.

ఇంకొక సంగతి కూడా అప్పుడే మొదలైంది. అది పాఠం కాదు, రోగం. నేను అప్పట్లో వీసా మీద ఉన్నాను. వీసా మీద ఉన్నవాడి నోట్లోంచి 'నో' అన్న మాట రాదు. వాల్టర్ ఏం అడిగినా, ఎవరేం అడిగినా, "నో ప్రాబ్లమ్" అనేవాణ్ణి, తల అటూ ఇటూ ఊపుతూ. గ్రీన్‌కార్డు వచ్చింది, తరవాత పౌరసత్వం వచ్చింది. ఆ మాట మాత్రం పోలేదు.

ఫైనల్ ఎవరి ఊరిది?

మా పక్కింటి రాండీ రిటైరైన ట్రక్కు డ్రైవరు. ఆటంటే ప్రాణం. ఫైనల్ బయటికి వెళ్తుందేమోనని టీవీలో ఎవరో అనగానే గోడ మీంచి తల పెట్టి, "అది మాది. మా అమ్మ చేసే వంటకం పట్టుకెళ్లి ఎవడో హోటల్లో అమ్మినట్టు ఉంటుంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గాని, ఆ మాటలో బాధ నిజం. దాన్ని కొట్టిపారేయను.

కాని రాండీని నేను ఒకటి అడిగాను. "నువ్వు ఎన్ని ఫైనల్స్‌కి స్టేడియంలో కూర్చున్నావు?"

"ఒక్కదానికీ లేదు. ఆ టికెట్టు మనబోటివాళ్లు కొనేదా?"

"మరి నీ ఆట ఎక్కడ జరుగుతోంది?"

తన ఇంటివైపు చూపించాడు. "సోఫాలో."

ఇదే నా వాదన. ఫైనల్ ఎప్పుడూ ముందే ఎంచిన ఊళ్లో జరుగుతుంది. ఆ రోజు ఆడే జట్ల అభిమానులు ఎలాగూ విమానం ఎక్కాల్సిందే, లేదా సోఫాలో కూర్చోవాల్సిందే. లండన్‌లో సాయంత్రం ఆడితే ఇక్కడ అరిజోనాలో పొద్దున పూట మొదలవుతుంది. వింగ్స్ బదులు దోశలు వేసుకుందాం! ఆటగాళ్లకు ప్రయాణం బడలిక అంటారు. ఫైనల్‌కి ముందు రెండు వారాల విరామం ఉండనే ఉంటుంది. ఒక తరం పిల్లలు అక్కడ ఈ ఆట కోసం గొంతులు చించుకుంటున్నారు. నేను కళ్లారా చూశాను. వాళ్లకి మామూలు ఆటలే చాలనడం, పెళ్లికి పిలిచి కాఫీ ఇచ్చి పంపినట్టుంటుంది.

రాండీ ఒప్పుకోలేదు. ఒప్పుకోడు కూడా. నా ఇంటి దోశ మాత్రం తింటాడు.

వీటన్నింటికంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. అక్కడ మన ఆటగాడి కాలు నిలుస్తుందా? ఆ ప్రశ్న మీద లీగ్ నన్ను ఇంగ్లండ్ పంపించింది. ఏ స్టేడియమో, ఏ ఏడాదో చెప్పను.

చివరి గజం

అక్కడి మైదానం సాకర్ కోసం వేసింది. సాకర్ మైదానం మనదానికంటే వెడల్పు, కాని పొడవు తక్కువ. చాలామందికి ఇది తెలియదు. మన గీతలు దాని మీద గీస్తే పక్కల బోలెడు చోటు మిగులుతుంది. చివర్లలో, అంటే ఆటగాడు బంతి పట్టుకుని గెంతి పాయింట్లు తెచ్చే చోట, గడ్డి సరిపోదు. నేను టేపు పట్టి కొలిస్తే ఆ చివరి గజం గడ్డి మీద లేదు. కాంక్రీటు మీద పరిచిన పచ్చ తివాచీ మీద ఉంది. దాని వెనక మనిషి పరుగు ఆపుకోవడానికి కావలసిన చోటు కూడా తివాచీయే.

ఆ మైదానం చూసుకునే గ్రౌండ్స్‌మన్ గ్రాహం. అరవై దగ్గరపడ్డ సన్నటి మనిషి, జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. నా జేబులోనూ అదే. మట్టి ఎంత గట్టిగా ఉందో ఇద్దరం స్క్రూడ్రైవరు గుచ్చి చూస్తాం. మొదటి రోజు ఇద్దరం ఒకేసారి వంగి గుచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వాం. నాలుగు రోజుల్లో తోడబుట్టినవాళ్లలా అయిపోయాం. నేను మా మైదానాలు తెలిసినవాణ్ణి, ఆయన ఆ గడ్డి ప్రతి పోచా తెలిసినవాడు. వారం ఉండాల్సినవాణ్ణి పది రోజులు ఉండిపోయాను. అంత ఆనందంగా ఎక్కడా పనిచేయలేదు.

ఆ ఆట మామూలు సీజన్ ఆటే. కాని లీగ్ పెద్దలు నలుగురు దాన్ని చూడటానికే వచ్చారు. ఆ రోజు మైదానం బాగుంటే, ఫైనల్ అక్కడ పెట్టే విషయం కమిటీలో చర్చకు వస్తుంది. బాగాలేకపోతే పదేళ్లదాకా ఎవరూ ఆ ఊసెత్తరు. గ్రాహంకి ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం పెళ్లి పెద్దల్లా హడావిడి పడ్డాం.

నో ప్రాబ్లమ్

సాకర్‌లో ఒక పద్ధతి ఉంది. ఆటకు ముందు గడ్డిని తడుపుతారు. తడిగా ఉంటే బంతి నున్నగా, వేగంగా జారుతుంది. మనకు అది విషం. మన బంతి నేల మీద దొర్లదు, మనుషులే దొర్లుతారు. ఆట రోజు నీళ్ల సంగతి నేను అక్కడికక్కడ చూసి చెబుతానని మేమిద్దరం ముందే అనుకున్నాం. ఆ రోజు ఎండ కాసింది, గాలి ఉంది. గడ్డి నాకు కావలసినట్టే ఉంది.

ఆట ఇంకా రెండు గంటలుందనగా నేను ఆ పాడు తివాచీ అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అతుకు సరిచేస్తున్నాను. గ్రాహం వచ్చి పక్కన నిలబడ్డాడు. వాళ్లు మైదానాన్ని 'ఆవిడ' అంటారు.

"ఎండగా ఉంది. ఆవిడకి ఒక గుక్క పట్టించమంటావా?" అన్నాడు.

నేను తలెత్తి నవ్వి, తల అటూ ఇటూ ఊపి, "నో ప్రాబ్లమ్, నో ప్రాబ్లమ్" అన్నాను.

గ్రాహం సరేనన్నట్టు బొటనవేలు పైకెత్తి వెళ్లిపోయాడు. నేను అతుకు పని ముగించి, లోపల గదిలో మా బాస్ డెబ్రా పెట్టిన మీటింగ్‌కి వెళ్లాను. ఇరవై నిమిషాల తరవాత బయటికొస్తే మైదానం మొత్తం అద్దంలా మెరుస్తోంది. స్ప్రింక్లర్లు అప్పుడే ఆగాయి. గడ్డి కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి.

 పరిగెత్తాను, అరిచాను. ఉన్న మనుషులందరినీ పిలిచి, స్పాంజి రోలర్లు తెప్పించి, గాలి మిషన్లు పెట్టి, చేయగలిగిందంతా చేశాం. పైన ఆరింది. అడుగున ఆరలేదు. ఆట ఆపించే అధికారం నాకుంది. అప్పుడు వాడాల్సింది. నలుగురు పెద్దలూ పైన అద్దాల గదిలో కూర్చుని చూస్తుండగా నేను వాడలేదు. అది నా మొదటి తప్పని ఆ రోజు అనుకున్నాను. అసలు మొదటి తప్పు ఇంకొకటని అప్పటికి నాకు తెలియదు.

మొదటి క్వార్టర్‌లోనే, అంటే ఆటలో తొలి పావు వంతులోనే, బంతి పట్టుకుని పరిగెత్తుతున్న ఆటగాడొకడు పక్కకి తిరగబోయి, కాలు జారి, చీలమండ మెలిక పడి కూలబడ్డాడు. ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకెళ్లారు. ఆ సీజన్‌లో మళ్లీ ఆడలేదు. తరవాత నేను ఆయనకి క్షమాపణ అడుగుతూ ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రావాలని కూడా లేదు.

ఆట అయ్యాక డెబ్రా నన్నూ గ్రాహంనీ ఎదురెదురుగా నిలబెట్టి అడిగింది.

"నీళ్లు ఎవరు పెట్టమన్నారు?"

"ఈయనే" అన్నాడు గ్రాహం.

"నేను వద్దన్నాను!" అన్నాను. ఒట్టేసి చెప్పమన్నా చెప్పేవాణ్ణి. నా మనసులో నేను వద్దనే అన్నాను. గ్రాహం నావైపు చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. ఏం జరిగిందో అర్థంకాక చూసిన చూపది.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న

ఆ సాయంత్రం హోటల్ గది నుంచి ఇంటికి ఫోన్ చేశాను. మా అమ్మాయి హారిక ఎత్తింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరింది. నేను గ్రాహంని చెడామడా తిట్టాను. నమ్మించి గొంతు కోశాడన్నాను. అది మొత్తం విని అడిగింది.

"నాన్న, వెయిట్. ఆయన ఎగ్జాక్ట్‌గా ఏం అడిగారు?"

"నీళ్లు పెట్టమంటావా అన్నాడు."

"నువ్వు ఏం అన్నావ్?"

"నో ప్రాబ్లమ్ అన్నాను."

"ఓకే. సో ఆయన పెట్టారు. రైట్?"

"అదేంటే! నో ప్రాబ్లమ్ అంటే పరవాలేదు అని. పరవాలేదు, అక్కర్లేదు అని!"



"నాన్న, తల కూడా ఊపావా? సైడ్ టు సైడ్?"

"ఊపే ఉంటాను."

"ఓ మై గాడ్, నాన్న. అది నీ తెలుగు. అమ్మ ఇంకో దోశ వెయ్యనా అంటే నువ్వు పరవాలేదు అంటావ్, అమ్మ ఆపేస్తది. ఆయనకి అది ఎలా తెలుస్తది? ఆయనకి నువ్వు ఎస్ చెప్పావ్."

ఫోన్ చెవి దగ్గరే ఉంది గాని నాకు తరవాత ఏమీ వినబడలేదు. మంచం మీద కూర్చుండిపోయాను. దోశ వద్దన్నా పరవాలేదే. వంట ఎలా ఉందంటే పరవాలేదే. కాలు తొక్కినవాడు సారీ అంటే పరవాలేదే. ఈ ఒక్క మాటతో పుట్టినప్పటినుంచీ బతికేస్తున్నాం, పక్కవాడికి అర్థమవుతుంది కాబట్టి. నేను దాన్ని 'నో ప్రాబ్లమ్' చేసి పాతికేళ్లుగా ఇంగ్లీషులో వాడుతున్నాను. అన్నాళ్లూ కొంప మునగకపోవడం నా అదృష్టం.

సంతకం

ఇక్కడ నేను చేసిన పని ఏమీ గర్వంగా చెప్పుకునేది కాదు. మర్నాడే నోరు విప్పాల్సింది. తొమ్మిది రోజులు ఊరుకున్నాను. గ్రాహంని వాళ్ల స్టేడియంవాళ్లు సెలవు మీద పంపించారు. ఆయన నాకు రెండు ఈమెయిళ్లు రాశాడు. రెండోదాంట్లో, "నువ్వు చెప్పిందే చేశాననుకున్నాను. నాకు గుర్తున్నంతలో" అని ఉంది. ఆ 'గుర్తున్నంతలో' అన్న మాట నన్ను తినేసింది. నిజం చెప్పిన మనిషి తన మీద తనే అనుమానపడుతున్నాడు, నా వల్ల.

కమిటీ ముందు పెట్టే నివేదిక తయారైంది. డెబ్రా నా ముందు పెట్టింది. 'స్థానిక సిబ్బంది లీగ్ అనుమతి లేకుండా మైదానాన్ని తడిపారు' అని మొదటి పేజీలోనే ఉంది. కింద నా సంతకానికి చోటు. దాని అర్థం నాకు స్పష్టంగా తెలుసు. సంతకం పెడితే గ్రాహం ఉద్యోగం పోతుంది, విదేశంలో ఫైనల్ మాట అక్కడితో సరి. 'వాళ్లకు మన గడ్డి తెలియదు' అని లీగ్‌లో ఒక ముద్ర పడిపోతుంది. ఎవరికైతే అందరికంటే బాగా తెలుసో ఆయన మీదే ఆ ముద్ర. పెట్టకపోతే లీగ్‌లో ఇన్నేళ్ల నా మాట విలువ పోతుంది.

"ఇది సరిగ్గా ఉందా?" అంది డెబ్రా.

నో ప్రాబ్లమ్ అని నోటిదాకా వచ్చింది. నిజం! మింగేశాను.

"సరిగ్గా లేదు. నీళ్లు పెట్టమని చెప్పింది నేను. చెప్పానని నాకే తెలియదు."

డెబ్రా కుర్చీలో వెనక్కి వాలింది. "ఆ రెండో వాక్యం ఏమిటో కమిటీకి నువ్వే వివరించు" అంది. గొంతులో ఏ భావమూ లేదు.

వివరించాను. పొడుగాటి బల్ల, చుట్టూ పదిమంది, సగంమంది పాత ఆటగాళ్లు. నిలబడి వాళ్లకి 'పరవాలేదు' అన్న తెలుగు మాటకున్న అర్థాలన్నీ చెప్పాను. తల ఊపి చూపించాను. ఒకాయన, "ఇది ఔనా కాదా?" అని అడిగాడు. "అదేనండీ సమస్య" అన్నాను. ఎవరో నవ్వారు.  గ్రాహం తప్పు రవ్వంత లేదని, నేను అందరి ముందూ ఆయన్ని అబద్ధాలకోరుని చేశానని, తొమ్మిది రోజులు ఊరుకోవడం ఇంకా పెద్ద తప్పని చెప్పి కూర్చున్నాను.

కమిటీ పెద్ద ఒకప్పటి ఆటగాడే, రెండు మోకాళ్లకూ ఆపరేషన్లయిన మనిషి. ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు.

"నీళ్ల సంగతి వదిలెయ్. ఆ మైదానం ఫైనల్‌కి పనికొస్తుందా? తల ఊపకుండా చెప్పు."

"ఇప్పుడున్నట్టు పనికిరాదు. చివరి గజం గడ్డి కాదు. అది గడ్డయితే, గ్రాహం చేతిలో ఉంటే, నేను చూసిన మైదానాలన్నింట్లోకీ అదే మంచిది."

"రాసివ్వగలవా?"

రాసిచ్చాను. అక్కడే, చేత్తో.

ఫలితం ఏమిటంటారా? ఆ ఏడాది ఫైనల్ పని నా చేతిలోంచి తీసి వేరేవాళ్లకిచ్చారు. న్యాయమే. విదేశంలో ఫైనల్ ప్రస్తావన వాయిదా పడింది, కాని కారణం దగ్గర 'చివరి గజం' అని రాశారు, గ్రాహం పేరు రాయలేదు. గ్రాహం మళ్లీ పనిలోకొచ్చాడు. ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి క్షమించమన్నాను. ఆయన, "నువ్వు తల ఊపిన తీరు చూసి, ఎంత ఇష్టంగా ఒప్పుకున్నాడో అనుకున్నానయ్యా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇదే. మైదానం మీద ఎవరేం అడిగినా ఔను, కాదు, ఓకే, నో ప్రాబ్లమ్ అని వదిలెయ్యకండి. చేయబోయే పనిని పూర్తి వాక్యంలో చెప్పండి. 'ఇవాళ నీళ్లు పెట్టడం లేదు.' ఎదుటివాడి చేత దాన్ని తిరిగి చెప్పించుకోండి. మొదట్లో పిచ్చిగా ఉంటుంది, మొహమాటంగా ఉంటుంది. నేను, గ్రాహం ఆ తరవాత అలాగే మాట్లాడుకున్నాం. చివరికి టీ తాగేటప్పుడు కూడా, "చక్కెర వెయ్యడం లేదు", "ఔను, చక్కెర వెయ్యడం లేదు" అనుకునేవాళ్లం.

మొన్న అక్టోబరు

ఆ స్టేడియంవాళ్లు నా కాగితాన్ని పట్టుకున్నారు. రెండు చివర్లా కింది వరస కుర్చీలు పీకేశారు, కాంక్రీటు తవ్వేశారు. గ్రాహం అక్కడ మట్టి నింపి గడ్డి పెంచాడు. నేను నాలుగుసార్లు వెళ్లొచ్చాను. అది వేరు పట్టేలోపు నా రిటైర్‌మెంట్ వచ్చేసింది. ఆ కొత్త గడ్డి మీద ఆట మాత్రం చూడకుండానే దిగిపోయాను.

మొన్న అక్టోబరులో మళ్లీ అక్కడ సీజన్ ఆట పెట్టారు. ఆ కొత్త గడ్డి మీద మొదటిది. మాకు ఆదివారం పొద్దున్న ఆరున్నర. వరంగల్ ఆడపడుచు మా ఆవిడ సుజాత వంటింట్లో దోశలు వేస్తోంది. రాండీ కాఫీ కప్పు పట్టుకుని వచ్చి మా సోఫాలో కూలబడ్డాడు. ఫైనల్ బయట వద్దని ఇప్పటికీ అంటాడు గాని, ఆట మాత్రం వదలడు. నేను కూర్చోలేదు. టీవీ ముందు నిలబడే ఉన్నాను.

మూడో క్వార్టర్‌లో బంతి గాల్లోకి లేచింది. ఆ మూలకి, ఆ చివరి గజానికి. దాన్ని అందుకోవాల్సిన రిసీవర్ పూర్తి వేగంతో దాని కింద పరిగెడుతున్నాడు. ఇద్దరు వాడి వెనకాల. వాడు గాల్లోకి ఎగిరి బంతి పట్టుకుని, కుడికాలు గీతకి అంగుళం ఇవతల దించాడు. పూర్తి బరువుతో, ఒంటికాలి మీద.

నిలిచింది! కాలు దిగినచోటే నిలిచింది. బూటు పళ్లు గడ్డిలో దిగి, పట్టుకుని, వదిలాయి. వాడు రెండో అడుగు వేసి, మూడోది వేసి, ఆగి, చేతులు చాపాడు. స్టేడియం మొత్తం లేచి అరుస్తోంది. నేనూ అరుస్తున్నాను. రాండీ కాఫీ ఒలకబోసుకుని నాతోపాటు అరుస్తున్నాడు, ఎందుకో తెలియకుండా.

అంతలో నా ఫోన్ మోగింది. గ్రాహం. పలకరింపు లేదు, ఏమీ లేదు. వెనక జనం హోరు. "చూశావా?" అన్నాడు.

"చూశాను."

"నిలిచింది."

"నిలిచింది, గ్రాహం. నిలిచింది."

ఇద్దరం హోరు వింటూ ఉండిపోయాం. నా చెంపలు తడిసిపోయాయి, తుడుచుకోలేదు.

సుజాత అట్లకాడ పట్టుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందండీ, గట్ల ఒర్లుతున్నరు? ఎవరు గెలిచిన్రు?"

నేను రాండీ వైపు చూశాను. అసలు ఆడుతున్న జట్లేమిటో కూడా నేను చూసుకోలేదు.